హుజూర్‌నగర్ ఓటు, సెప్టెంబరు 17



జాతి పేరిట రాజ్యం కొరడా పట్టినప్పుడు ఒక సమాజమంతా దోషి అవుతుంది. రష్యాలో స్టాలిన్ ప్రభుత్వం 1944 మేలో క్రిమియా తాతార్ ముస్లింలను, పసిపిల్లలతో సహా, ద్రోహులని ముద్రవేసి మధ్య ఆసియాకు తరలించింది. మన నేలపై 1948 సెప్టెంబరులో రజాకార్ల పాపం సామాన్య ముస్లింల నెత్తిన పడింది. మృతులు కనీసం 27 వేల నుండి 40 వేలని సుందర్‌లాల్ కమిటీ అంచనా. దశాబ్దాలపాటు ప్రభుత్వం ఆ నివేదికను ప్రకటించలేదు. ఆ ఆగస్టులోనే రజాకార్లు చంపిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిం కాడా?

నాలుగేళ్లకే, 1952లో, ఈ హుజూర్‌నగర్ మఖ్దూం మొహియుద్దీన్‌ను శాసనసభకు పంపింది. నిజాంను ఎదిరించిన కవి ఆయన. ఇక్కడి రైతు ఆయన మతం అడగలేదు.

‘విమోచన’ అనండి, ‘సమైక్యత’ అనండి, ‘ప్రజాపాలన’ అనండి. సెప్టెంబరు 17 సభలో షోయబుల్లా పేరుతో పాటు సుందర్‌లాల్ నివేదికనూ చదవాలని మనం కోరుదాం. వినతిపత్రం బల్లపై ఉంది, సంతకాలు చేయండి.