అమీర్ నేరంలో తండ్రి వాటా



నవలల్లో బాల్యం గురించి మాట్లాడుకోవడానికి సమావేశమయ్యాం. మనకు ఇది కొత్త విషయం కాదు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో తల్లి మీద లోకం వేసిన నింద దయానిధిని వెంటాడుతుంది. గోపీచంద్ నవలానాయకుడు సీతారామారావు వంశప్రతిష్ఠ బరువు మోయలేక కుంగిపోతాడు. అయితే ఈరోజు నేను కాబూల్ కుర్రవాడు అమీర్ గురించి మాట్లాడదలిచాను. ఖాలిద్ హొస్సేనీ 2003లో వెలువరించిన 'ద కైట్ రన్నర్' కథానాయకుడు అతను.

అమీర్ పుట్టిన పూటే తల్లి పోయింది. తల్లిని మింగి పుట్టాడని మనవాళ్లు అనే మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. అనకపోయినా తండ్రి చూపులో పిల్లవాడికి అదే వినిపించింది. తండ్రి బాబా సామాన్యుడు కాదు. సొంత డబ్బుతో అనాథాశ్రమం కట్టించిన మనిషి. ఊళ్లో అనాథలకు నీడ దొరికింది గానీ, ఇంట్లో కొడుకు రాసిన మొదటి కథ వినడానికి ఆయనకు మనసు రాలేదు. దాన్ని చదివి మెచ్చుకున్నది తండ్రి స్నేహితుడు రహీం ఖాన్.

నౌకరు కొడుకు హసన్‌కు గ్రహణం మొర్రి. అతని పుట్టినరోజు కానుకగా బాబా ఢిల్లీ డాక్టరును రప్పించి ఆపరేషన్ చేయిస్తాడు. తన ఒంటి మీదా అలాంటి మచ్చ ఒకటుంటే నాన్న జాలిపడేవాడు కదా అనుకుంటాడు అమీర్. నాన్న చూపు కోసం అవిటితనాన్నైనా కోరుకున్న ఆ పసివాడి దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

1975 చలికాలం గాలిపటాల పోటీలో అమీర్ గెలుస్తాడు. తెగిన నీలి గాలిపటం తెచ్చి నాన్నకు చూపిస్తే చాలు. దానికోసం పరుగెత్తిన హసన్‌ను సందులో అసెఫ్ అనే రౌడీ కుర్రాడు చెరుస్తుంటే, అమీర్ చాటు నుంచి చూసి పారిపోతాడు. భయంతో పారిపోయాడన్నది సగం నిజం. నాన్న ప్రేమకు హసన్‌ను మూల్యంగా చెల్లించానని తర్వాత తనే ఒప్పుకుంటాడు.

ఆ తర్వాత అతనికి కావలసింది శిక్ష. కొండ మీద దానిమ్మపళ్లతో హసన్‌ను కొట్టి, నువ్వూ కొట్టమని అరుస్తాడు. హసన్ ఒక పండు తీసుకుని తన నుదుటికే కొట్టుకుంటాడు. శిక్ష వేసేవాళ్లు లేని నేరం మనిషిని కుదురుగా ఉండనివ్వదు. అందుకే చేతిగడియారం, డబ్బు హసన్ పరుపు కింద దాచి దొంగతనం అంటగట్టి, అతను ఇల్లు వదిలి వెళ్లేలా చేస్తాడు.

తండ్రి పట్టించుకోకపోవడం వల్లే అమీర్ అలా తయారయ్యాడని విమర్శకులు తేలిగ్గా తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. హసన్ తల్లి అతను పుట్టిన వారంలోపే వదిలి వెళ్లిపోయింది. పైగా అతనూ బాబా కొడుకేనని కథలో చాలా తర్వాత తెలుస్తుంది. ఇద్దరూ తల్లిలేని పిల్లలే, ఒకే తండ్రి బిడ్డలే. మరి హసన్ ఎందుకు క్రూరుడు కాలేదు? పెంచిన నౌకరు అలీ అతన్ని గుండెల్లో పెట్టుకున్నాడు కాబట్టి అన్నది ఒక జవాబు. అతని కింద తన్నడానికి ఎవరూ లేరు కాబట్టి అన్నది ఇంకో జవాబు. హసన్ చులకనకు గురయ్యే హజారా తెగవాడు, అమీర్ పెత్తనం చేసే పష్తూన్ తెగవాడు. ఆ హెచ్చుతగ్గులు లేకపోతే అమీర్ బాధ అమీర్‌లోనే మిగిలిపోయేది. జీతగాళ్ల పిల్లలతో ఆడుకుంటూ పెరిగిన దొరబిడ్డల కథలు తెలిసిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

బాబా నిరాదరణ వెనకా నేరమే ఉంది. ఒక కొడుకును బాహాటంగా కొడుకని పిలవలేనివాడు, ఇంకో కొడుకును చూసినప్పుడల్లా తన తప్పునే చూసుకున్నాడు. రహీం ఖాన్ అమీర్‌కు రాసిన ఉత్తరంలో ఈ మాటే ఉంటుంది.

నవల మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. అమీర్ పశ్చాత్తాపానికి పేజీలకు పేజీలు దొరికాయి. హసన్ మనసులోకి మాత్రం అతను రాసిన ఒక్క ఉత్తరం కిటికీలోంచి తప్ప తొంగిచూడలేం. అతని మంచితనం అమీర్‌ను కడగడానికే ఉన్నట్టుంటుంది. రాబోయే పత్రాల్లో మన నవలల్లోని హసన్‌ల గురించి కూడా వినాలని ఉంది. పత్రసమర్పకులు వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాను.