స్టాండ్‌బై
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి ఇంతకుముందు వక్తలు చెప్పేశారు. నేను కాసేపు ఆకాశం సంగతి మాట్లాడతాను.

1984 ఏప్రిల్ 3న స్క్వాడ్రన్ లీడర్ రాకేశ్ శర్మ సోయుజ్ టి-11 నౌకలో అంతరిక్షానికి వెళ్లారు. సోవియట్ సహకారంతో మన ఉక్కు కర్మాగారం నిర్మాణమవుతున్న రోజులవి. మా సెక్షన్‌లో అందరం ట్రాన్సిస్టర్ చుట్టూ మూగి ఆ వార్త విన్నాం. ఆయన 1949లో పాటియాలాలో పుట్టినా చదువుకున్నది హైదరాబాదులోనే. నిజాం కాలేజీ విద్యార్థి. 1971 యుద్ధంలో మిగ్-21 నడిపి, ఆ తరువాత టెస్ట్ పైలట్ అయ్యారు. విమానం ఎంతవరకు తట్టుకుంటుందో తానే ఎక్కి చూసి రిపోర్టు రాయటం ఆ ఉద్యోగం. మన భాషలో చెప్పాలంటే, ఆయన నోట్ పెడితేగాని ఫైలు కదలదు. ప్రాణం పణంగా పెట్టి రాసే నోట్ అది.

శాల్యూట్-7 కేంద్రంలో యోగాభ్యాసంపై ప్రయోగాలు చేశారు, మన దేశాన్ని ఫోటోలు తీశారు. 7 రోజుల 21 గంటల 40 నిమిషాల తరువాత భూమికి దిగారు. దండలతో సరిపెట్టుకోక, వైమానిక దళం నుంచి వచ్చాక హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌లో మళ్లీ టెస్ట్ పైలట్‌గా పనిచేశారు.

అయితే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది రవీశ్ మల్హోత్రా. ఆయనా టెస్ట్ పైలటే. స్టార్ సిటీలో అదే శిక్షణ పొందారు, అదే రష్యన్ భాష నేర్చారు. ఆయన స్టాండ్‌బై. శర్మకు జ్వరం వచ్చినా ప్రయాణం ఆగకూడదని ఆ ఏర్పాటు. మొన్న 2025 జూన్‌లో శుభాంశు శుక్లా వెళ్లినప్పుడు ప్రశాంత్ నాయర్ అలాగే సిద్ధంగా ఉన్నారు. ప్రమోషన్ పానెల్లో రెండో పేరుగా మిగిలినవాణ్ణి గనుక, వారి విలువ నాకు తెలుసు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పోయిన ఏడాది మా మిత్రుడొకాయన కాలం చేశారు. ఆయన భార్యకు పి.పి.ఓ. ఎక్కడుందో తెలియదు. బీరువాలు, ట్రంకుపెట్టెలు వెతికి చివరకు పాత పంచాంగాల మధ్య దాన్ని పట్టుకున్నాం. ఆ రాత్రి ఇంటికి వెళ్లి మా ఆవిడను అడిగాను, "మన కాగితాలు ఎక్కడున్నాయో తెలుసా?" అని. "మీరెప్పుడైనా చూపించారా?" అంది. నలభై ఏళ్లు ఊళ్లో వాళ్ల ఫైళ్లన్నీ సర్దినవాణ్ణి, నాకు జవాబు లేకపోయింది.

మర్నాడే ఇద్దరం కూర్చున్నాం. పి.పి.ఓ., బ్యాంకు పుస్తకం, నామినేషన్, నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్, అన్నీ చూపించాను. తన పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకటి, పి.పి.ఓ.లో ఒకటి ఉందని తనే పట్టుకుంది. ఇప్పుడు దిద్దించాం.

మన ఇళ్లలో స్టాండ్‌బై ఎవరో మీకు తెలుసు. శిక్షణ ఇచ్చారా? ఈ సాయంత్రం ఇంటికి వెళ్లగానే బీరువా తాళం వారి చేతికిచ్చి పక్కన కూర్చోండి.

సెలవు.