రేణిగుంట టు లండన్, చిన్న ఫ్లైట్‌లో! గేమ్‌లో వర్కౌట్ అవుతుందా?

ఎయిర్‌లైన్ గేమ్స్‌లో చాలామంది చేసే పని ఒకటుంది. చేతిలో డబ్బులు చేరగానే పెద్ద వైడ్‌బాడీ కొని, సొంతూరి నుంచి లండన్‌కి వేసేస్తారు. సగం సీట్లు ఖాళీ, కంపెనీ దివాలా!

అందుకే కొందరు చిన్న ఫ్లైట్ వేద్దాం అంటారు. మన రేణిగుంటనే హబ్‌గా పెట్టుకోండి. లండన్ దాదాపు 8,100 కిలోమీటర్లు. ఎయిర్‌బస్ ఏ321 ఎక్స్‌ఎల్‌ఆర్ రేంజ్ 8,700. సరిపోతుంది కదా బ్రో అంటారా? ఆగండి. అది కంపెనీ చెప్పే గరిష్ఠ లెక్క. ఎదురుగాలి, చుట్టుదారి, రిజర్వ్ ఇంధనం కలిస్తే ఆ మిగిలిన 600 ఎక్కడికీ చాలదు. అప్పుడు బరువు తగ్గించాల్సిందే. 2019లో ఇండిగో ఢిల్లీ–ఇస్తాంబుల్ ఫ్లైట్ ఒకటి ప్రయాణికుల లగేజీ మొత్తం ఢిల్లీలోనే వదిలేసి వెళ్లింది!

సీట్లు కూడా తగ్గుతాయి. ఇండిగో మామూలు ఏ321 నియోలో 220 పైనే ఉంటే, ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 195 మాత్రమే. అంటే టికెట్ రేటు పెంచాలి.

మరి రేణిగుంట నుంచి ఏది వేయాలి? నన్నడిగితే కువైట్. దాదాపు 3,700 కిలోమీటర్లే, మామూలు ఏ320 నియో హాయిగా పోతుంది, ఫుల్ లోడ్‌తో. మన చిత్తూరు, కడప వైపు నుంచి గల్ఫ్‌కి పోయేవాళ్లకేం తక్కువ? 2015లో గరుడ టెర్మినల్ వచ్చినా, ఇప్పటికీ పెట్టెలు మోసుకుని చెన్నైకి బస్సెక్కేవాళ్లే ఎక్కువ.

కాబట్టి ముందు మ్యాప్‌లో దూరం కాదు, ఊళ్లో మనుషులు ఎటు పోతున్నారో చూడండి. మీ హబ్ ఏది? కామెంట్‌లో చెప్పండి, బై!