వంటింటి బొద్దింకలు: గుర్తింపు, నివారణ



రాత్రి దాహం వేసి లేచి వంటింట్లో లైటు వేస్తారు. వంటగట్టు మీద ఏదో చరచరా కదిలి స్టవ్ కిందికి దూరిపోతుంది. మర్నాడు నాన్నగారు బజారు నుంచి మందు తెచ్చి గదంతా కొడతారు. రెండు మూడు రోజులు ఏమీ కనిపించదు. వారం తిరిగేసరికి మళ్ళీ అదే తంతు. మీలో చాలామందికి ఇది అనుభవమే అయి ఉంటుంది.

మా ఇంటి సంగతే చెబుతాను. రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం స్నానాలగది తూములో మందు పోశాం. బొద్దింకలు తగ్గలేదు. ఒక రాత్రి టార్చిలైటు పట్టుకుని వెతికితే అవి తూములో లేవు. ఫ్రిజ్ వెనుక మోటారు దగ్గర, తలుపు రబ్బరు మడతల్లో కాపురం ఉన్నాయి. మేము ఒక రకం బొద్దింక అనుకుని మరో రకంతో పోరాడుతున్నాం. అందుకే ఈనాటి పాఠంలో మొదటి మాట ఇది: ముందు గుర్తించండి, తరువాతే మందు గురించి ఆలోచించండి.

ప్రపంచంలో 4,500కు పైగా బొద్దింక జాతులు ఉన్నాయి. చాలా భాగం అడవుల్లో రాలిన ఆకులు, కుళ్ళిన కలప తింటూ నేలకు మేలు చేస్తాయి. మనుషుల ఇళ్ళను ఆశ్రయించినవి 30 దాకా మాత్రమే. మన ఇళ్ళలో ముఖ్యంగా తెలుసుకోవలసినవి మూడు.

మొదటిది పెరిప్లానెటా అమెరికానా. ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివినవారికి ఇది పాత పరిచయమే. పొడవు సుమారు 35 నుంచి 40 మిల్లీమీటర్లు. ఎరుపు కలిసిన గోధుమ రంగు. తలను కప్పే డాలు వంటి పలక అంచున లేత పసుపు రంగు పట్టీ ఉంటుంది. దీనికి వెచ్చదనం, తేమ కావాలి. మురుగు కాలువలు, మ్యాన్‌హోళ్ళు, స్నానాలగది తూములు దీని నివాసం. రాత్రివేళ అక్కడి నుంచి ఇంట్లోకి వస్తుంది.

రెండవది బ్లాటెల్లా జెర్మానికా. పొడవు 12 నుంచి 15 మిల్లీమీటర్లే. లేత గోధుమ రంగు. తల వెనుక పలక మీద రెండు నల్లటి నిలువు చారలు ఉంటాయి. ఈ చారలు చూస్తే చాలు, ఇక పొరపడరు. ఇది తూముల్లోంచి వచ్చేది కాదు. వంటింట్లోనే పుట్టి అక్కడే పెరుగుతుంది. స్టవ్ కింద, సింకు కింద, మిక్సీ అడుగున, ఫ్రిజ్ మోటారు పక్కన చూడండి.

మూడవది సుపెల్లా లాంజిపాల్పా. ఇదీ చిన్నదే, 10 నుంచి 14 మిల్లీమీటర్లు. రెక్కల మీద అడ్డంగా లేత రంగు పట్టీలు ఉంటాయి. దీనికి తేమ అంతగా అక్కరలేదు. పుస్తకాల అలమర, పటాల వెనుక, గోడగడియారం, టీవీ పెట్టె వంటి పొడిగా, ఎత్తుగా ఉన్న చోట్లు దీనికి ఇష్టం. వంటిల్లు శుభ్రంగా ఉన్నా పడకగదిలో బొద్దింకలు కనబడితే దీన్ని అనుమానించాలి.

ఈ పేర్లను చూసి మోసపోకండి. 'అమెరికన్' బొద్దింక పుట్టిల్లు ఆఫ్రికా. ఓడల్లో సరుకులతోపాటు దేశాలు తిరిగింది. 'జర్మన్' బొద్దింకకు 1767లో లిన్నేయస్ ఆ పేరు పెట్టాడు. అయితే 17 దేశాల నుంచి సేకరించిన బొద్దింకల జన్యువులను పోల్చి 2024లో ప్రచురించిన పరిశోధన, సుమారు 2,100 ఏళ్ళ క్రితం భారతదేశంలోనో మయన్మార్‌లోనో ఆసియా బొద్దింక నుంచి ఇది విడివడిందని తేల్చింది. అంటే వంటింటి బొద్దింక మన ప్రాంతపు జీవే!

ఇక సంతతి సంగతి. బొద్దింక గుడ్లను విడివిడిగా పెట్టదు. ఊథీకా అనే గట్టి పెట్టెలో పేర్చి పెడుతుంది. అమెరికన్ బొద్దింక ఊథీకాలో 14 నుంచి 16 గుడ్లు ఉంటాయి. తల్లి దాన్ని ఒకటి రెండు రోజులు మోసి, ఏ మూలనో వదిలేస్తుంది. అందులోంచి వచ్చిన శాబకం, అంటే పిల్ల బొద్దింక, పెద్దదవడానికి ఆరు నెలల నుంచి ఏడాదికి పైగా పట్టవచ్చు. జర్మన్ బొద్దింక ఊథీకాలో 30 నుంచి 40 గుడ్లు. పొదిగే సమయం వచ్చేదాకా తల్లి దాన్ని మోస్తూనే ఉంటుంది. వెచ్చని వంటింట్లో పిల్లలు రెండు మూడు నెలల్లోనే పెద్దవవుతాయి. అందుకే ఈ చిన్న బొద్దింకే పెద్ద సమస్య. పైగా ఊథీకా గోడ లోపలి గుడ్లకు కవచంలా ఉంటుంది. మందు కొట్టిన వారానికి మళ్ళీ పిల్లలు కనిపించడానికి ఇదొక కారణం.

బొద్దింక దోమలా కుట్టి రోగం ఎక్కించదు. మురుగులో తిరిగిన కాళ్ళతో మన గిన్నెల మీద నడుస్తుంది. విరేచనాలు కలిగించే సాల్మొనెల్లా బాక్టీరియా, అమీబా వంటివి దాని శరీరం మీద, మలంలో కనిపించాయి. అంతకంటే తక్కువమందికి తెలిసిన ప్రమాదం ఉబ్బసం. దాని మలం, లాలాజలం, విడిచిన చర్మం ఎండి దుమ్ములో కలుస్తాయి. అందులోని ప్రోటీన్లు కొందరికి పడవు. అమెరికా నగరాల్లోని 8 పేట ప్రాంతాల్లో ఉబ్బసం ఉన్న పిల్లలపై జరిపిన అధ్యయనం 1997లో వెలువడింది. బొద్దింక పడనివారై, పడకగదిలో ఆ దుమ్ము ఎక్కువగా ఉన్న పిల్లలు మిగతావారికంటే మూడు రెట్లకు పైగా ఎక్కువసార్లు ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది.

మరి నివారణ ఎలా? నాలుగు మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు కనిపెట్టడం. లైట్లు ఆర్పిన గంట తరువాత టార్చితో చూడండి. జిగురు అట్టలను సింకు కింద, స్టవ్ వెనుక, అలమరలో పెట్టి ఉదయం లెక్కించండి. ఏ అట్టకు ఎక్కువ అంటుకున్నాయో నివాసం అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది.

రెండవది తిండి, నీరు దొరకకుండా చేయడం. అంట్లు రాత్రే తోమాలి. చెత్తబుట్టకు మూత ఉండాలి. స్టవ్ కింద ఒలికిన పాలు, నూనె తుడవాలి. సింకును పొడిగుడ్డతో తుడిచి పడుకోండి, కారే కుళాయి బాగు చేయించండి. జర్మన్ బొద్దింక తిండి లేకపోయినా కొంతకాలం ఓర్చుకుంటుంది కాని నీరు లేకుండా ఎక్కువ రోజులు బతకలేదు.

మూడవది దారులు మూయడం. తూములకు సన్నని జాలీ బిగించాలి. గోడల్లో పైపులు దూరే చోట సందులను సిమెంటుతో పూడ్చాలి. కిరాణా కొట్టు నుంచి వచ్చిన అట్టపెట్టెలను ఇంట్లో దాచకండి. ఊథీకాలు వాటితోపాటే వస్తాయి.

నాలుగవది మందు. చిన్న బొద్దింకలకు పిచికారీ కంటే జెల్ ఎర మేలు. కందిగింజంత చుక్కలు సందుల్లో పెడితే తిన్న బొద్దింక నివాసానికి వెళ్ళి చస్తుంది. దాని మలాన్ని, కళేబరాన్ని తిన్న పిల్లలూ చస్తాయి. ఎర పెట్టిన చోట పిచికారీ చేయకండి. ఆ వాసనకు బొద్దింకలు ఎరను ముట్టవు. ఒకే మందు ఏళ్ళ తరబడి వాడినా ప్రమాదమే. తట్టుకున్నవి బతికి, వాటి సంతతే మిగులుతుంది. 1993లో గ్లూకోజ్‌ను అసహ్యించుకునే జర్మన్ బొద్దింకలను శాస్త్రవేత్తలు గుర్తించారు. తీపి ఎరలతో చంపుతూ పోతే తీపి తిననివే మిగిలాయి! వాటి నాలుకకు గ్లూకోజ్ చేదుగా తోస్తుందని 2013లో రుజువైంది. తరగతిలో చదివే ప్రకృతివరణం మన స్టవ్ కిందే జరుగుతోందన్నమాట.

మందుల విషయంలో కొన్ని హెచ్చరికలు. పొలానికి కొట్టే మందును ఎన్నడూ ఇంట్లో వాడకండి. డబ్బాపై ఉండే రంగు గుర్తు చూడండి: ఎరుపు అత్యంత విషం, తరువాత పసుపు, నీలం, చివరిది ఆకుపచ్చ. బోరిక్ పొడిని పిండి, చక్కెరతో కలిపి ఉండలు చేసి పెట్టేవారు ఉన్నారు. పసిపిల్లలు వాటిని మిఠాయి అనుకుంటారు. మందు సుద్దముక్క కూడా పలకమీద రాసే బలపంలాగే కనిపిస్తుంది. కలరా ఉండల ఆవిరి, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న శిశువుల్లో ఎర్ర రక్తకణాలను చిదిపేస్తుంది. ఎవరైనా మందు మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఆ డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

అపార్టుమెంట్లు, హాస్టళ్ళలో ఒక గదిలోనే మందు పెడితే లాభం తక్కువ. పైపుల సందుల్లోంచి బొద్దింకలు పక్క గదికి వెళ్ళి, మళ్ళీ తిరిగి వస్తాయి. అందరూ కలిసి ఒకే వారంలో పని మొదలుపెట్టాలి. బొద్దింకలు పోయాక కూడా అలమరల అడుగున పేరుకున్న దుమ్మును తడిగుడ్డతో తుడవడం మరవకండి. ఉబ్బసం తెప్పించేది అందులోనే ఉంది.

చివరగా మీకొక పని. ఈ రాత్రి మీ ఇంట్లో మూడు జిగురు అట్టలు పెట్టండి. ఉదయం ఏ అట్టకు ఏ రకం, ఎన్ని అంటుకున్నాయో నోటుపుస్తకంలో రాయండి. నాలుగు మెట్లు పాటించి, నెల తరువాత మళ్ళీ లెక్కించండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి మీ అమ్మగారికి చూపించండి. మందు కొనాలా వద్దా అనేది అప్పుడు ఇద్దరూ కలిసి నిర్ణయించవచ్చు.