చిక్కుడుకాయ రథము – చిన్న మోటారు కారు

మాఘ శుద్ధ సప్తమినాడు మన ఇళ్లలో ఇల్లాండ్రు పొద్దు పొడవకముందే లేచి, జిల్లేడాకులు తలపై ఉంచుకొని స్నానం చేస్తారు. పిడకల దాలిపై పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకులలో సూర్యునికి నివేదిస్తారు. ఆ నైవేద్యం పక్కనే ఒక రథం ఉంటుంది. చిక్కుడుకాయలను చీపురుపుల్లలతో గుచ్చి కూర్చిన రథం అది. గడియలో తయారవుతుంది, సాయంకాలానికి వాడిపోతుంది. మన పిల్లలు స్వహస్తాలతో కట్టే మొదటి వాహనపు నమూనా అదేనంటే శ్రోతలు నవ్వరాదు. భాగాలను ఏరుకోవడం, వాటిని ఒకదానికొకటి అమర్చడం, కట్టినది నిలుస్తుందో ఒరుగుతుందో చూడడం, అన్నీ అందులో ఉన్నవి. లేనిదల్లా కొలత.

కొలత గురించి చెప్పాలంటే అరసవల్లికే వెళ్లవలసి ఉన్నది. అక్కడి గర్భాలయంలో సూర్యనారాయణస్వామి నల్లరాతి విగ్రహం ఉన్నది. సప్తాశ్వాలు, సారథి అనూరుడు పీఠభాగాన కనిపిస్తారు. స్వామి పెద్దవాడు, గుర్రాలు చిన్నవి. శిల్పి లెక్క తప్పలేదు. ప్రాధాన్యాన్ని బట్టి పరిమాణం నిర్ణయించడం ఆ శాస్త్రపు మర్యాద. అయితే అదే ఆలయంలో మరొక కొలత ఉన్నది. ఏటా మార్చి రెండవ వారంలోను, అక్టోబరు మొదటి వారంలోను కొన్ని ఉదయాలు బాలభానుని కిరణాలు స్వామి పాదాలను సోకుతాయి. ద్వారం ఎటు ఉండాలో, విగ్రహం ఎక్కడ నిలపాలో లెక్క కట్టినవారు ఎవరో ఒకరు ఉండి ఉండాలె. ఈ రెండవ కొలతలో భక్తి ఎంత ఉన్నా వేలెడు తేడాకు చోటు లేదు.

నమూనా కారు కట్టే యువకుడు ఈ రెండవ తెగకు చెందినవాడు. అతడు తనకు ఇష్టమైన భాగాన్ని పెద్దది చేయరాదు. ఇరవైనాలుగవ వంతు అని నిశ్చయించుకుంటే కారు పొడవును ఇరవైనాలుగుతో భాగించాలె, తలుపు పిడిని కూడా ఇరవైనాలుగుతోనే భాగించాలె. అంబాసిడర్ కారునే తీసుకుందాము. దాని పొడవు సుమారు 4,325 మిల్లీమీటర్లు, నమూనాలో 180. ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు నడుమ దూరం 2,464; నమూనాలో 103కు కొంచెం తక్కువ. ఈ రెండవ అంకెలో రెండు మూడు మిల్లీమీటర్లు తప్పితే చాలు, చూసినవారు కారణం చెప్పలేకపోయినా, ‘ఏదో ఎబ్బెట్టుగా ఉన్నదే’ అంటారు.

పెట్టెలో అమ్మే సామగ్రి చరిత్ర విచిత్రమైనది. ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1949లో ఫెర్గుసన్ ట్రాక్టరు నమూనాను చేసింది పిల్లల కోసం కాదు, ట్రాక్టర్లు అమ్మే ప్రతినిధుల కోసం. అమెరికాలో ఎ.ఎం.టి. సంస్థ కూడా మొదట కార్ల వ్యాపారులకు నమూనాలు చేసి ఇచ్చి, 1958లో విడిభాగాల పెట్టెలను బజారులో పెట్టింది. వ్యాపారి బల్లమీది వస్తువు పిల్లవాని చేతికి వచ్చినదన్నమాట.

అంతకుముందే జరిగిన మరొక ప్రయత్నం నా దృష్టిలో ఇంకా గొప్పది. జనరల్ మోటార్స్ వారి ఫిషర్ బాడీ విభాగం 1930 నుండి 1968 వరకు కుర్రవాళ్లకు పోటీలు నడిపింది. తొలి సంవత్సరాలలో కట్టవలసినది కారు కాదు. నెపోలియన్ కాలపు గుర్రపుబండి. చక్రాలు, తెరలు, లోహపు నగిషీలు, అన్నీ స్వయంగా చేసుకోవలసినదే. తరువాతి కాలంలో పన్నెండవ వంతు కారును సొంత ఊహతో రూపొందించమన్నారు. గెలిచినవారికి కళాశాల చదువుకు ధనం ఇచ్చారు. వారిలో పలువురు పెద్దవారై అసలు కార్ల రూపశిల్పులయ్యారు. ‘చదువు మానేసి ఈ బొమ్మలేమిటిరా’ అని గదమాయించే తండ్రులు ఈ సంగతి వినవలెనని నా కోరిక.

విదేశీ పెట్టెల ధర మనకు భారమే. కాని మన చేతిలో వేరే సాధనమున్నది. శ్రీకాకుళం నుండి దక్షిణంగా విశాఖపట్నం దాటి వెళితే, అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఏటికొప్పాక అనే ఊరు వస్తుంది. లక్కపిడతలతో ఆడుకున్న ఆడపిల్లలకు ఆ ఊరు చెప్పనక్కరలేదు. మెత్తని అంకుడు కర్రను తరిణపై తిప్పుతూ రంగు కలిపిన లక్కకడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రపై పొరలా పరచుకొంటుంది. మొగలి ఆకుతో రుద్ది మెరుగు తెస్తారు. పసుపు, నీలి, లక్క, జాఫ్రా గింజలు, ఇవి ఆ రంగుల మూలాలు. పసిబిడ్డ నోట పెట్టుకొన్నా భయం లేనివి. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది.

తరిణపై గుండ్రని వస్తువే వస్తుంది. కారు గుండ్రనిది కాదు. అయితే నమూనా కట్టేవానికి అన్నిటికంటే కష్టమైన పని చక్రాలే. నాలుగూ సమానంగా, నిండు వృత్తంగా ఉండాలె. ఆ నాలుగూ తరిణపై చేయించుకొని, శరీరాన్ని అంకుడు దుంగలో ఉలితో చెక్కి, అద్దాల చట్రాలకు దళసరి అట్ట వాడితే సగం కారు సిద్ధమైనట్లే.

ఇక రంగు. తొందరపాటు బయటపడేది ఇక్కడే. ప్లాస్టిక్ భాగాలైతే ముందుగా సబ్బునీటితో కడగాలె. అచ్చులోని జిడ్డు మిగిలి ఉంటే రంగు అంటదు. నీటిలో తడిపిన సన్నని ఉప్పుకాగితంతో రుద్దాలె. పదవ వంతు మిల్లీమీటరు మందాన రంగు పూశారనుకోండి. నిజమైన కారుపై అది సుమారు రెండున్నర మిల్లీమీటర్లతో సమానం! అందుచేత నీళ్లవంటి పలుచని పూతలు, ఒకటి ఆరిన తరువాత ఒకటి. చిన్న వస్తువుపై ఏ రంగైనా ముదురుగా కనిపిస్తుంది కనుక అనుభవజ్ఞులు ఒక చుక్క తెలుపు కలుపుతారు. మన సముద్రతీరాన వానకాలంలో త్వరగా ఆరే రంగులపై గాలిలోని తేమ చేరి తెల్లని మసక పడుతుంది. ఆ నెలలలో చెక్కుడు పని చేసుకొని, రంగును మాఘమాసానికి దాచుకోవడం మేలు. ఆరబెట్టడం నీడలోనే, ప్లాస్టిక్ ఎండవేడికి వంగుతుంది. సూర్యుని ఊళ్లో సూర్యునికి చూపరాని వస్తువు ఇదొక్కటేనేమో! థిన్నరు వాడేటప్పుడు కిటికీలు తెరచి ఉంచాలె; దీపం, పొయ్యి దగ్గరలో ఉండరాదు; పసివాళ్లను దూరంగా ఉంచాలె.

అంబాసిడర్‌నే ఉదాహరణగా ఎందుకు తీసుకొన్నానంటే, 1957లో మొదలైన ఆ కారు తయారీ 2014లో నిలిచిపోయింది. ఒకప్పుడు పెళ్లివారిని, రోగులను, కలెక్టరుగారిని ఒకే తీరున మోసిన బండి ఇప్పుడు షెడ్డు వెనుక చెట్టుకింద తుప్పు పడుతున్నది. తుక్కు వ్యాపారి వచ్చేలోగా కొలతబద్ద పట్టుకొని వెళ్లే కుర్రవాడు ఒక్కడుంటే, బానెట్టు వంపు ఎంత, హెడ్‌లైటు చుట్టు ఎంత అన్నది కాగితంమీద మిగులుతుంది. కారు యజమానిని అడిగి కొలవండి, కాదనేవారు అరుదు. పైగా ఆ బండి కథలు కూడా చెబుతారు.

చిట్టచివర వేయవలసినది నంబరు పలక. పాత సొంత కార్లకు నల్ల పలకపై తెల్ల అక్షరాలుండేవి. తరువాత తెల్ల పలకపై నల్ల అక్షరాలు వచ్చాయి. ఏ కాలపు బండి కట్టుతున్నారో ముందే నిశ్చయించుకోవాలె. శ్రీకాకుళం బండి అయితే ‘ఎ.పి. 30’ అని, రెండు మూడు వెంట్రుకలున్న కుంచెతో, ఊపిరి బిగపట్టి రాయాలె.