పెట్టెమీది దీపాలు ఏం చెబుతాయి?

(పాల సంఘాల కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పాలు పోసిన వెంటనే తూకం, వెన్నశాతం, యస్.యన్.యఫ్., రేటు అచ్చయిన చీటీ చేతికి రావడం మనలో చాలామందికి అలవాటైపోయింది. ఆ లెక్క ఏ పూటకాపూట తీగవెంట యూనియను కార్యాలయానికి పోతుంది. బ్యాంకులో పడే డబ్బుకు అదే ఆధారం. అందుచేత "నెట్టు పోయింది" అనగానే క్యాన్లతో నిలబడ్డవారికి ఆందోళన మొదలవుతుంది. కొన్నిచోట్ల పాలు పోయించుకోవడమే ఆపివేస్తారు. ఇది తగదు. నెట్టు లేకపోయినా త్రాసు తూస్తుంది, ఎనలైజరు వెన్న చూపుతుంది. తెగినది లెక్క పంపే దారి మాత్రమే.

ఆ దారి ఎక్కడ తెగిందో చెప్పడానికే గోడకున్న ఫైబరు పెట్టెకు దీపాలు పెట్టారు. ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. 1981లో అమెరికాలో హేస్ కంపెనీ తెచ్చిన మోడెముకు ఇలాంటి దీపాలుండేవి. టెలిఫోను లైను పట్టుకున్నదా, అవతలి మోడెము పలికిందా, లెక్క పోతున్నదా, వస్తున్నదా అని ఒక్కొక్కటి ఒక్కో సంగతి చెప్పేది. మన పెట్టెదీ అదే పద్ధతి.

గేదెకు జబ్బు చేసిందని మనం ఎలా కనిపెడతాం? ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని నెమరు, ముట్టె తడి ఎలా ఉంటాయో ఎరిగి ఉన్నాం గనుక. పెట్టె విషయమూ అంతే. అన్నీ సవ్యంగా పనిచేస్తున్న రోజున ఏయే దీపం ఏ రంగులో వెలుగుతున్నదో కాగితంమీద వ్రాసి పక్కనే అంటించండి. కంపెనీనిబట్టి రంగులు మారుతాయి గనుక ఈ కాగితం నా ప్రసంగంకన్నా మీకు ఎక్కువ ఉపయోగం.

ఇక చూసే వరుస. మొదట పవర్ దీపం. అది ఆరి ఉంటే మిగతావి చూడనక్కరలేదు. స్విచ్చి, ఎడాప్టరు చూడండి. ఎడాప్టరు మార్చవలసివస్తే పెట్టెమీద వ్రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసి మార్చాలి. పిన్ను సరిపోయిందిగదా అని ఏదో ఒకటి గుచ్చితే పెట్టె కాలిపోవచ్చు. ఎనలైజరుకు బ్యాటరీ ఉండి పెట్టెకు లేకపోతే కరెంటు పోయిన పూటల్లా నెట్టూ పోతుంది. రెండింటినీ బ్యాటరీమీదికి తీసుకోవడం మంచిది.

తరువాత లాస్, పాన్ అనే రెండు దీపాలు. లాస్ దీపం మామూలుగా ఆరి ఉండాలి. అది ఎర్రగా మిణుకుమిణుకుమంటుంటే బయటినుంచి వెలుగు పెట్టెదాకా రావడం లేదన్నమాట. రోడ్డు తవ్వకంలోనో, స్తంభంమీదనో తీగ తెగి ఉండవచ్చు, ఎలుక కొరికి ఉండవచ్చు, గదిలోనే గూటంకింద నలిగి వంగి ఉండవచ్చు. ఫైబరులో గాజు ఉంటుంది, రాగి తీగలాగా మడవకూడదు. గదిలో వంపు ఉంటే సవరించండి, అంతకుమించి మీ చేతిలో లేదు, కంపెనీకి కబురు చేయవలసిందే. ఆ తీగ కొస ఊడివస్తే కన్నుపెట్టి చూడకండి. అందులో వచ్చే వెలుగు కంటికి కనిపించదు గాని కంటికి హాని చేయగలదు.

లాస్ ఆరి, పాన్ మిణుకుమంటూనే ఉంటే వెలుగు వస్తున్నది గాని అవతలి కేంద్రం మన పెట్టెను ఇంకా చేర్చుకోలేదని అర్థం. పాన్ నిలకడగా ఉండి ఇంటర్నెట్ దీపం మాత్రం ఆరినా, ఎర్రబడినా బిల్లు గడువు దాటిందేమో ముందు చూడండి. లైన్‌మన్‌ను స్తంభం ఎక్కించిన తరువాత బిల్లు సంగతి బయటపడితే ఇద్దరికీ విసుగే.

లాన్ దీపం మన గదిలోనిది. పెట్టెకూ కంప్యూటరుకూ మధ్యనున్న తీగను గురించి చెబుతుంది. ఆరి ఉంటే కంప్యూటరు ఆన్‌లో ఉందో లేదో చూసి, తీగ రెండు కొసలూ టక్కుమనేదాకా నొక్కండి. అప్పటికీ వెలగకుంటే పక్క రంధ్రంలో పెట్టండి, తరువాత వేరే తీగ వేసి చూడండి. లెక్క నడుస్తున్నప్పుడు ఈ దీపం మిణుకుమనడం సహజం, దానికి కంగారుపడవద్దు.

ఒక హెచ్చరిక. అన్ని దీపాలూ పచ్చగా ఉన్నంతమాత్రాన మీ పూట లెక్క యూనియనుకు చేరిందనుకోరాదు. ఏ దీపమైనా తన వంతు దారికే సాక్ష్యం చెబుతుంది. అవతలి కంప్యూటరు ఆగి ఉంటే ఇక్కడి దీపానికి తెలియదు. చేరినదీ లేనిదీ తెరమీద చూసుకోవలసిందే.

పెట్టెను ఆపి, ఒక నిమిషం ఆగి తిరిగి వేయవచ్చు. దీపాలు కుదురుకోవడానికి ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. వెనుక సన్నని రంధ్రంలోని రీసెట్ మీటను మాత్రం పుల్లతో పొడవకండి, కంపెనీవారు చేసిన అమరికలన్నీ చెరిగిపోతాయి. కంపెనీకి ఫోను చేసినప్పుడు "నెట్టు రావడంలేదు" అని ఊరుకోక, "లాస్ ఎర్రగా మిణుకుమంటున్నది, ఉదయం ఆరింటినుంచి" అని చెప్పండి. అది విన్నవారు తీగ అతికే సామానుతోనే బయలుదేరుతారు.

బాగయ్యేదాకా ప్రతి సభ్యుని తూకం, వెన్న, యస్.యన్.యఫ్. రిజిస్టరులో ఎక్కించి, చీటీ ఇచ్చి, దారి తెరుచుకోగానే ఆ పూటల లెక్కలన్నీ పోయినవో లేదో రిజిస్టరుతో సరిచూసుకోవాలి.