పెన్సిల్ ముల్లు, జొన్నగిరి వజ్రం

తొలకరి పడితే మన జిల్లా జనం తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతుకుతారు. ఆ వజ్రమూ, పెన్సిల్‌లోని నల్లటి గ్రాఫైటూ ఒకే కార్బన్. గ్రాఫైట్ పొరలు పొరలుగా ఉంటుంది. పొర జారి కాగితానికి అంటితే అదే మన రాత. కరెంటు కూడా పారుతుంది. వజ్రంలో ప్రతి పరమాణువూ చుట్టూ ఉన్న నాలుగింటిని గట్టిగా పట్టుకుని ఉంటుంది. కరెంటును పోనివ్వదు గానీ వేడిని రాగికన్నా బాగా లాగేస్తుంది.

ఇంజనీరుగా ఒక్కటి గట్టిగా చెబుతాను: దొరికిన రాయిని సుత్తితో కొట్టి పరీక్షించకండి. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. వజ్రం నాలుగు వాలుల్లో సులువుగా చీలుతుంది. ఒక్క దెబ్బకు కూలిమనిషి అదృష్టం ముక్కలవుతుంది. గాజు మీద గీసి చూడటమూ చాలదు, పలుగురాయీ గాజును గీస్తుంది. వేడి లాగే గుణాన్ని కొలిచే చిన్న మిషన్ నగల వ్యాపారుల దగ్గర ఉంటుంది. ఇద్దరు ముగ్గురి దగ్గర చూపించాకే ధర మాట్లాడమని మీ ఊళ్లో చెప్పండి.